రెండుసార్లే పిలిచింది

పెరిన్ కోవ్ బీడుకి కెనడాలోని మన తెలుగు కుర్రాళ్ళలో మంచి పేరు లేదు. చీకటి పడ్డాక అటు వెళ్ళొద్దంటారు. తెల్ల గౌను వేసుకున్న ఒకావిడ లాంతరు పట్టుకుని తిరుగుతుందట. పేరు పెట్టి పిలుస్తుందట. అదీ — తెలుగులో.

మొదట విన్నప్పుడు నవ్వాను. న్యూఫౌండ్‌లాండ్ చివర, సముద్రానికీ బీడుకీ మధ్య, రెండువందల ఏళ్ళ నాటి చిన్న ఊరది. అక్కడి దెయ్యానికి తెలుగెవరు నేర్పారు? కానీ ఈ మాట నాకు చెప్పింది దీక్షిత్. మాంట్రియల్‌లో మా బేస్‌మెంట్‌లో ఇప్పుడు అద్దెకుంటున్నాడు. ఆవిణ్ణి కళ్ళారా చూసినవాడు వాడే. ఇక నవ్వలేకపోయాను.

2023 అక్టోబరు. ఎక్కడ చూసినా మన స్టూడెంట్లే, పార్ట్‌టైమ్ ఉద్యోగం మాత్రం ఎక్కడా లేదు. అప్పట్లో న్యూఫౌండ్‌లాండ్‌లోనే చదువుతున్న దీక్షిత్, వాడి రూమ్మేట్ అనంత్ ఆ ఊరి హోటళ్ళలో రెజ్యూమేలు ఇద్దామని వెళ్ళారు. ఎవరూ రమ్మనలేదు. తిరుగు బస్సుకి ఇంకా మూడు గంటలుంది. ఇంత దూరం వచ్చినందుకు బీడన్నా చూద్దామనుకున్నారు.

ఊరి చివర, సందర్శకులకి స్వాగతం చెప్పే పాత ఇల్లొకటుంది. బీడు మీదికి వెళ్ళేవాళ్ళు గుమ్మం పక్కనున్న పుస్తకంలో పేరు రాయాలి. తిరిగొచ్చాక ఎవరి పేరు వాళ్ళే కొట్టేయాలి. ఎవరు చదువుతార్లే అని ఇద్దరూ సరదాకి తెలుగులో రాశారు. లోపల ఎవరున్నారో తొంగిచూడలేదు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. వీళ్ళు ఫోటో కోసం, బీడు మీద నడవడానికి వేసిన చెక్కబాట దిగారు. అంతలో సముద్రం మీంచి పొగమంచు కమ్ముకొచ్చింది... నాలుగడుగుల దూరం కనబడలేదు. బాట ఎటుందో తెలియలేదు. తడుముకుంటూ నడుస్తుంటే అనంత్ ఒక్కసారిగా నడుం దాకా దిగబడ్డాడు.

ఊబి.

దీక్షిత్ బోర్లా పడుకుని వాడి రెండు చేతులూ పట్టుకున్నాడు. లాగాడు... రాలేదు. మళ్ళీ లాగాడు... తనే జారాడు. ఫోన్‌కి సిగ్నల్ లేదు. ఇద్దరూ గొంతులు పోయేదాకా అరిచారు. ఆ అరుపుల్ని గాలి ఎటు పట్టుకుపోయిందో! చీకటి పడింది. ఆ చన్నీళ్ళలో అనంత్ పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. వదలకురా అన్న ఒక్క మాట తప్ప వాడింకేమీ అనడం లేదు.

అప్పుడు కనబడింది — వెలుగు. లాంతరు. దాని వెనక నేల దాకా తెల్ల గౌను, తల మీద పాతకాలపు తెల్ల టోపీ. ముఖం మాత్రం కనబడలేదు.

"దీక్షిత్... అనంత్... ఎక్కడున్నారు?"

అచ్చ తెలుగు గొంతు. ఆ ఊళ్ళో వాళ్ళని ఎరిగినవాళ్ళే లేరు, తెలుగు వచ్చినవాళ్ళు అసలే లేరు. చిన్నప్పుడు నాయనమ్మ చెప్పిన మాట గుర్తొచ్చింది. చీకట్లో పేరు పెట్టి పిలిస్తే మూడోసారి దాకా పలక్కు, దెయ్యం రెండుసార్లే పిలుస్తుంది.

అనంత్ పలకబోయాడు. దీక్షిత్ ఒక చెయ్యి వదిలి వాడి నోరు మూశాడు.

"పలికితే చస్తాం రా..."

రెండో పిలుపు ఇంకొంచెం దగ్గర్లో వినబడింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. మూడోసారి పిలిస్తే మనిషే, అప్పుడు పలుకుదామని దీక్షిత్ చెవులు రిక్కించుకుని ఉన్నాడు. వెలుగు కాసేపు కదలకుండా నిలబడింది... తర్వాత వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

తెల్లారి, కుక్కని తిప్పడానికొచ్చిన ఒక ముసలాయన వాళ్ళని చూశాడు. దీక్షిత్ ఇంకా అనంత్ చేతిని పట్టుకునే ఉన్నాడు. ఆ చెయ్యి ఎప్పుడు చల్లబడిందో వాడికి తెలియదు. ఆసుపత్రి నుంచి తిన్నగా మాంట్రియల్ వచ్చేశాడు, మళ్ళీ అటు మొహం తిప్పలేదు. దెయ్యమే వాణ్ణి తీసుకుపోయింది అంకుల్, అంటాడు. ఆ కథే కుర్రాళ్ళ గ్రూపుల్లో తిరిగింది.

నాకు మనసాగలేదు. మరుసటి వేసవిలో నేనే వెళ్ళాను. సాయంత్రం మబ్బు పట్టి ఉంది. ఆ స్వాగతం ఇంటి తలుపు తట్టాను... తెరుచుకుంది.

నేల దాకా తెల్ల గౌను. తెల్ల టోపీ. చేతిలో లాంతరు.

గుమ్మంలోంచి ఒకడుగు వెనక్కేశాను. ఆవిడ ఇంగ్లీషులో స్వాగతం చెప్పబోయి, నా మొహం చూసి ఆగింది.

"తెలుగువాళ్ళా అంకుల్?"

పేరు ధాత్రి. నల్గొండ అమ్మాయి, తనూ స్టూడెంటే. వచ్చినవాళ్ళకి ముచ్చటగా ఉంటుందని అక్కడ పనిచేసేవాళ్ళకి ఆ పాతకాలపు వేషం వేస్తారు. దీక్షిత్ పేరు ఎత్తగానే ఆ పిల్ల కూలబడిపోయింది. తర్వాత మెల్లగా చెప్పింది. అది తను పనిలో చేరిన మొదటి వారం. మూసే వేళకి పుస్తకంలో రెండు పేర్లు కొట్టకుండా ఉన్నాయి, తెలుగు అక్షరాల్లో. మనవాళ్ళే కదా అని బట్టలు కూడా మార్చుకోకుండా, లాంతరు పట్టుకుని చెక్కబాట మీద వెతికింది. ఎవరూ పలక్కపోయేసరికి, పేర్లు కొట్టేయడం మరిచిపోయి వెళ్ళిపోయుంటారనుకుంది. వెనక్కొచ్చి ఆ రెండు పేర్లూ తనే కొట్టేసింది.

పుస్తకం తీసి ఆ గీతలు చూపించింది. అడగకూడదనుకుంటూనే అడిగాను, మూడోసారి ఎందుకు పిలవలేదమ్మా అని.

ధాత్రి బీడు వైపు చూసింది.

"పిలుద్దామనే నోరు తెరిచిన అంకుల్... భయమైంది. రెండుసార్లు పిలిచినా మనిషి పలకకపోతే, మూడోసారి పలికేది మనిషి కాదని మా అమ్మమ్మ చెప్పేది."