నవ్వు షాట్

భీమేశ్వరరావు నవలల్లో ఆడపిల్ల చావకుండా కథ ముగియదు. జనం దాన్ని ధైర్యం అంటారు, సినిమాలుగా తీస్తే చప్పట్లు కొడతారు. నాకు ఆయన పేరు వింటేనే ఒళ్ళు మండేది. అయినా ఆయన కొత్త సిరీస్‌కి మేకప్ చేయడానికి ఒప్పుకున్నాను. అందులో చచ్చిపోయే పిల్ల వేషం మా చెల్లెలు రసజ్ఞది మరి.

షూటింగు కోకాపేటలో, ఇంకా ఎవరూ చేరని టవర్లో. ఫ్లాటు కిటికీలకి నల్లగుడ్డలు కట్టి పట్టపగలే రాత్రి చేశారు. కొత్త పెయింటు వాసన, లైట్ల వేడి... ఉక్కిరిబిక్కిరిగా ఉంది. నా వేళ్ళు రంగులో ముంచి చెల్లి మెడ మీద అద్దాను, గొంతు నులిమిన గుర్తుల కోసం.

"చక్కిలిగింతలు పెట్టకక్కా," అని కిలకిలా నవ్వింది.

షాట్ బాగా వచ్చింది. శవంగా పడుకున్నవాళ్ళని వెంటనే లేపి, కెమెరా వైపు నవ్వించి, ఆ నవ్వు కూడా తీయడం మా ఆనవాయితీ. ఆ చావు వేషంతోనే పోవాలని. డైరెక్టర్ రమేష్ ఆ మాట ఎత్తగానే, మానిటర్ ముందు కూర్చున్న భీమేశ్వరరావు కసిరాడు. సిరీస్‌కి డబ్బు పెట్టేది కూడా ఆయనే.

"నా కథలో శవాలు నవ్వవు. ప్యాకప్ చెప్పు."

"జర ఒక్క నిమిషం సార్... పిల్లకు మంచిది గాదు."

"నీ మూఢనమ్మకాలు నీ ఇంట్లో పెట్టుకో."

రమేష్ ప్యాకప్ చెప్పేశాడు. నాకు మాత్రం ఆ మనిషిని చెప్పుతో కొట్టాలనిపించింది.

రసజ్ఞ లేవలేదు. గట్టిగా కుదిపితే అప్పుడు లేచింది. మెడ మీది రంగు తుడుస్తుంటే చర్మం చల్లగా తగిలింది. అంత వేడిలో...

కిందికి దిగేటప్పుడు లిఫ్టులో మేమిద్దరమే.

"ఒక్కసారి నవ్వవే," అన్నాను గుసగుసగా, ఫోన్ కెమెరా ఆన్ చేసి.

"రావడం లేదక్కా."

"నీకు దండం పెడతాను. నవ్వు."

పెదాలు కదిలాయి. ఆగిపోయాయి. మళ్ళీ కదిలాయి... నవ్వింది! నాకు ఏడుపొచ్చేసింది. నా చెల్లికి గండం గడిచిందనుకున్నాను.

మియాపూర్‌లో ఇంటికి చేరాక, తనని సోఫాలో పక్కనే కూర్చోబెట్టుకుని ఆ వీడియో పెట్టాను. లిఫ్టు గోడ. చెల్లి ముఖం. నవ్వు లేదు. కళ్ళు మూసుకుని ఉంది. వెనకనుంచి భీమేశ్వరరావు గొంతు... మెల్లగా, మెచ్చుకుంటున్నట్టు.

"బాగుంది. కదలకు."

ఫోన్ ఆపేసి పక్కకి తిరిగాను.

"రసజ్ఞా..."

కదలడం లేదు.

ఆపేసిన ఫోన్లోంచి ఆయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.