చిటికెన వేలి వంపు

రాహేలమ్మను సమాధి చేసిన రోజు ఆమె రక్తమంతా ఆమెతోపాటు మట్టిలోకి పోలేదు. ఆ సంగతి కూతురు నిస్సీ ఎవరికీ చెప్పలేదు. ప్రార్థనలో కూడా నోరు తెరిచి ఒప్పుకోలేదు.

ఇంటరుతో చదువు ఆగిపోయాక నిస్సీ కర్నూలులో ఎముకల డాక్టరు జయకుమార్ సారు ప్రయోగశాలలో గాజుసామాను కడిగే పనికి చేరింది. చూసి చూసి అక్కడి పనులన్నీ నేర్చుకుంది. ఎముక కట్టించే ఎంజైమ్ చురుగ్గా ఉంటే మందునీళ్లు పసుపుపచ్చగా మారతాయి. రక్తంలోని ప్రోటీన్లు కలిపితే ఆ పసుపు పలచబడుతుంది. ఎవరి రక్తం కలిపినా అంతే జరిగింది. ఆసుపత్రిలో అమ్మకు పరీక్షకని తీసిన రక్తంలో మిగిలిపోయిన సీరం కలిపినప్పుడు మాత్రం రంగు పలచబడలేదు. తంగేడు పువ్వులా చిక్కబడింది.

అప్పటికే తమ్ముడు అరుణ్ కుమార్ మంచాన పడి ఉన్నాడు. మంగంపేట గనిలో రాయి దొర్లి తొడ ఎముక విరిగింది. సారు రెండుసార్లు ఆపరేషన్ చేసినా అతకలేదు. ఇక వాడి బతుకు మంచానికే అనుకున్నారు అందరూ. నిస్సీ ఒక్కతే అనుకోలేదు. మిగిలిన సీరాన్ని చిన్న సీసాలో దాచి ఇంటికి తెచ్చింది.

"గిన్నెలు కడిగి కడిగి డాక్టరమ్మవైతివా అక్కా?" నవ్వాడు వాడు. "ఏం మందు ఇది?"

"శానా మంచి మందు. కండ్లు మూసుకోరా."

వాడి తొడలోంచి సూది బయటికి తీస్తుంటే జారి తన వేలికీ గుచ్చుకుంది. చున్నీకి తుడుచుకుని ఊరుకుంది.

ఎముక అతికింది. వాడు గోడ పట్టుకుని నిలబడ్డ రోజు నిస్సీ వెక్కి వెక్కి ఏడ్చింది.

ఇప్పుడు మే నెల, మిట్టమధ్యాహ్నం. కరెంటు పోయింది. వీధిలో కుక్క అలికిడి కూడా లేదు. కిటికీ మూసిన గదిలో వేడి ముద్దగా పేరుకుని ఉంది. అందులో ఎక్కడినుంచో తడి సున్నం వాసన... సమాధికి సున్నం కొట్టిన రోజు వచ్చిన వాసన.

టక్... టక్ టక్.

"నువ్వేనా తడతాండేది?"

"నేను కాదక్కా." అరుణ్ గొంతు గుసగుసలా వచ్చింది. "లోపల్నుంచి వస్తాండాది."

"యాడ?"

"ఈడ. తొడలో... ఎవురో గట్టిగా పట్టుకున్నట్టుండాది."

నిస్సీ వాడి పాదం ముట్టుకుంది. రోళ్లు పగిలే ఎండల్లో ఆ పాదం మంచుగడ్డలా ఉంది. గోళ్లు నీలం తిరిగాయి.

కాలు మళ్లీ నొప్పి పెడుతోందని పొద్దున తీయించిన ఎక్స్‌రే దిండు కింద ఉంది. సాయంత్రం సారుకు చూపించాలి. కిటికీ రెక్క కొంచెం తెరిచి, ఆ వెలుతురుకు పట్టి చూసింది.

అతికిన చోట ఎముక ఆగలేదు. పెరిగింది. తొడ చుట్టూ తెల్లగా... ఒకటి, రెండు, మూడు, నాలుగు... వేళ్లు. చివరిది మధ్య కణుపు దగ్గర లోపలికి వంగి ఉంది.

అమ్మ చిటికెన వేలు. చిన్నప్పుడు రోకలి కింద నలిగి అలా వంగిపోయింది. ఆ వేలితోనే మంచం పట్టె మీద తట్టి ఇద్దరినీ నిద్రపుచ్చేది.

టక్... టక్ టక్.

"పడుకోమంటాంది అక్కా," అన్నాడు అరుణ్. కళ్లు మూతలు పడుతున్నాయి.

"రేయ్! నిద్రపోవద్దు! నన్ను చూడు!"

పట్టు ఇంకా బిగుసుకుంటే కాలికి రక్తం అందదు. కాలు పోతుంది. కాలితో ఆగుతుందో లేదో కూడా తెలియదు. సారుకు చెప్తే అడుగుతాడు, ఏం ఎక్కించినావని, ఎవరి రక్తమని. పని పోతుంది. పోలీసులూ రావచ్చు.

"వద్దక్కా," అక్క చూపు ఫోను మీదుండటం చూసి గొణిగాడు వాడు. "అమ్మే కదా."

రానీ. ఎవరైనా రానీ. అంతా చెప్పేస్తుంది.

ఫోను కోసం కుడిచెయ్యి చాపబోయింది. చెయ్యి రాలేదు. మంచం పట్టె మీదే ఉండిపోయింది. సూది గుచ్చుకున్న చిటికెన వేలు లోపలికి వంగి ఉంది. నిటారు చేయబోతే కదల్లేదు.

వాడి తొడలో చప్పుడు ఆగిపోయింది.

నిస్సీ ఎడమచేత్తో ఫోను అందుకుని సారు పేరు వెతికింది.

కుడిచెయ్యి తన మాట వినకుండా పట్టె మీద తడుతూనే ఉంది. టక్... టక్ టక్.