లిఫ్టు సీను

ముప్పై ఏళ్ల కిందటి మరమనిషి సినిమా మళ్లీ హాల్లోకి వచ్చింది. కళ్లజోళ్ల దుకాణంలో పనిచేసే రీలుకు అది పద్దెనిమిదోసారి. రీలు అన్నది స్నేహితులు పెట్టిన పేరు. అసలు పేరు వాళ్లమ్మ ఒక్కతే వాడుతుంది.

మరమనిషి నోరు తెరవకముందే రీలు డైలాగు చెప్పేస్తున్నాడు. ముందు సీటులోని అమ్మాయి వెనక్కి తిరిగింది.

"ఏమండీ, వాడి డైలాగు వాణ్ణి చెప్పుకోనివ్వండి. టిక్కెట్టు కొన్నది వాడి కోసం."

ఆ తరవాత మూడు డైలాగులు రీలుకు గుర్తు రాలేదు.

ఇంటర్వెల్లో ఆమె పక్కన వాళ్లమ్మతో కలిసి కూర్చున్న నాన్నగారు, రిటైరైన లిఫ్టు మెకానిక్, అందరికీ వినబడేలా అన్నారు. "మరమనిషైనా సరే, లిఫ్టు తలుపు చేత్తో లాగితే అలా ఊడి రాదు. ముప్పై ఏళ్లుగా చెప్తున్నా, ఒక్కడూ వినడు!"

"వాడు భవిష్యత్తులోంచి ఊడిపడ్డం ఓకే, తలుపు ఊడితే మాత్రం తప్పా అంకుల్?" అన్నాడు రీలు.

"భవిష్యత్తు సంగతి నాకు తెలీదు. తలుపుల సంగతి తెలుసు."

అమ్మాయి ఫక్కున నవ్వింది. ఆమె ఫిజియోథెరపిస్టని తెలిశాక, రీలు లేని మెడనొప్పి తెచ్చుకుని ఆమె క్లినిక్కి నెల్లాళ్లు తిరిగాడు.

"మీ మెడకేం లేదని మొదటిరోజే తెలుసు," అంది ఆమె చివరికి. "ఇంటికొచ్చి నాన్నతో పెళ్లి సంగతి మాట్లాడండి. తలుపు తప్పని ఒప్పుకోండి చాలు. మీ జీతం కూడా అడగరు."

"సినిమాకి ద్రోహం చెయ్యమంటారా?"

"నేనా, మరమనిషా? తేల్చుకోండి."

ఆదివారం రీలు సోఫా అంచున కూర్చున్నాడు. నాన్నగారు అడగనే అడిగారు.

"తలుపు తప్పా, ఒప్పా?"

ఒక్క మాటతో పెళ్లయిపోతుంది.

"తెలీదండి. ఆ సీను రాగానే కళ్లు మూసుకుంటాను. భయం."

"చూసిన ప్రతిసారీనా?"

"పద్దెనిమిదిసార్లూనండి."

అమ్మాయి వాళ్లమ్మ టీ తెస్తూ గుమ్మంలోనే ఆగి నవ్వేసింది. "ఈయనా అంతే బాబూ! పెళ్లైన కొత్తలో ఆ సీను రాగానే నా చెయ్యి పట్టేసుకున్నారు. తలుపు గోలంతా ఆ భయం కప్పిపుచ్చుకోడానికే."

"మరి ఇన్నిసార్లు నిన్ను ఎందుకు వెంటబెట్టుకెళ్తున్నాననుకున్నావ్?" అని గొణిగి, నాన్నగారు అద్దాలు తుడుచుకోవడంలో మునిగిపోయారు.

అమ్మాయి రీలు వైపు వంగింది. "అబద్ధం నేర్పించి మరీ పిలిచానే! అదెందుకు చెప్పలేదు?"

"పెళ్లయ్యాక సినిమాకి మీరూ వస్తారు కదండీ. కళ్లు మూసుకుని దొరికిపోనూ?"

ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"నాన్నా, ఇంకేం అడక్కు. పెళ్లెప్పుడో చెప్పు," అంది.