చక్రాల్లేని బండి

ఆదివారం ఉదయం చిలకమ్మ కొడుక్కి అన్నం తినిపిస్తోంది. సుమంత్‌కి ఇరవై ఏడేళ్లు. గోడకేసి చూస్తూ నోరు తెరుస్తాడు, నమిలి మింగుతాడు, మళ్లీ తెరుస్తాడు. ముద్దకీ ముద్దకీ మధ్య మాట లేదు. నాలుగు నెలల కిందట ఆటోనగర్‌లో ఒక షెడ్డులో, రేకులు నొక్కే ప్రెస్సు కింద అతని కుడి చెయ్యి మణికట్టు పైదాకా పోయింది. అప్పట్నించీ పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి ఇలాగే.

బడి ఉన్న రోజుల్లో మధ్యాహ్నం చిలకమ్మ ఇంట్లో ఉండదు. బడిలో పిల్లలకు వంట చేస్తుంది. వెళ్లేముందు కంచంలో అన్నం కలిపి, మూతపెట్టి, పక్కన చెంచా పెడుతుంది. సాయంత్రం వచ్చేసరికి మూత తీసిన జాడ ఉండదు. ఆకలి లేదంటాడు. బెంగ పెట్టుకున్నాడని ఆమె అనుకుంది. బెంగ పెంచే వస్తువులన్నీ కంటికి కనపడకుండా చేసింది. స్కూటరు మరిదికి ఇచ్చేసింది. క్రికెట్టు బ్యాటు పొరుగింటికి పోయింది. టీవీకి తగిలించి ఆడే ఆటల పెట్టెను పాత చీరలో చుట్టి అటకెక్కించింది.

ఆ పెట్టె తెచ్చింది చిలకమ్మ భర్త పైడయ్య. పోర్టులో కలాసీగా ఉన్న రోజుల్లో ఎవరో ఓడమనిషి దగ్గర చవగ్గా కొన్నాడు. చనిపోయేలోపు పిల్లలకు అంతకు మించి ఏమీ కొనలేకపోయాడు. అందులో ఉన్నది ఒకటే ఆట. ఇంకో వందేళ్లకు జరగబోయే బండ్ల పందెం. బండ్లకు చక్రాలుండవు. జానెడు ఎత్తున తేలుతూ, వెనక నీలిమంట కక్కుతూ ఆకాశంలో కట్టిన దారుల మీద పోతాయి. ఒకచోట దారి కొండను చుట్టుకుని సముద్రం మీదికి వేలాడుతుంది. సుమంత్, అతని చెల్లెలు నీలిమ దానికి ఊళ్లోని కొండ పేరు మీద యారాడ మలుపని పేరు పెట్టుకున్నారు. అది రాగానే బండితోపాటు వాళ్లిద్దరూ ఒక పక్కకి ఒరిగిపోయేవారు. వంటింట్లో పోపు వేస్తున్న చిలకమ్మకు ఆ దడదడ సంగీతాన్ని బట్టే ఎన్నో చుట్టులో ఉన్నారో తెలిసిపోయేది. తాను పెద్దయ్యేసరికి అలాంటి బండ్లు వచ్చేస్తాయనీ, అమ్మను సింహాచలం మెట్లెక్కనివ్వకుండా తీసుకుపోతాననీ సుమంత్ అంటుండేవాడు.

ఆ ఆదివారం చిలకమ్మ చేపలకని బజారుకు పోయి, సంచితో గుమ్మం దగ్గరికి వచ్చేసరికి లోపల్నుంచి ఆ సంగీతమే వినిపించింది. లోపల టీవీ ముందు కొడుకూ కూతురూ పక్కపక్కనే కూర్చున్నారు. చిలకమ్మ సంచి కింద పడేసి, గోడ దగ్గర స్విచ్చు ఆపేసింది.

"సెయ్యి లేనోడి ముందర ఇది ఎట్టడానికి నీకు మనసెలా వొప్పినాదే?"

నీలిమ సీతమ్మధారలో ఒక క్లినిక్కులో రక్తపరీక్షలు చేస్తుంది. గొంతు పెంచే పిల్ల కాదు.

"నానెట్టలేదు. అన్నియ్యే అడిగినాడు."

"అటక మీదున్నాదని ఆడికెలా తెలుసు?"

"ఏటేటి దాసినావో అన్నియ్యకి అన్నీ తెలుసమ్మా."

మొన్న క్లినిక్కుకు తీసుకుపోయి బరువు తూచాననీ, పదకొండు కేజీలు తగ్గిపోయాడనీ నీలిమ చెప్పింది. మధ్యాహ్నం తిండి మానేసి నాలుగు నెలలైందని, అది ఆకలి లేక కాదని చెప్పింది. మరెందుకని చిలకమ్మ కొడుకునే నిలదీసింది. నీ కోసం నేనేం తక్కువ చేశానని అడిగింది. సుమంత్ ఆరిపోయిన టీవీకేసి చూస్తూ చెప్పాడు.

"ఆస్పత్రి నుంచొచ్చిన దినం గుర్తున్నాదా? ఆకలేసి కంచంలో ఎడం సెయ్యి ఎట్టినాను. నువ్వు గబుక్కున పట్టీసుకున్నావు."

చిలకమ్మకు గుర్తొచ్చింది. అది ఆలోచించి చేసిన పని కాదు. వాడికి పళ్లొచ్చిన నాటినుంచీ ఆ ఎడమ చెయ్యి కంచం మీదికి వస్తే చాలు, తన చెయ్యి దానంతట అదే పోయి ఆపేది. చిన్నప్పుడు దెబ్బ వేసేది. ఆ రోజు పట్టుకుంది, అంతే. పట్టుకుని, తనే ముద్ద కలిపి నోట్లో పెట్టింది. వాడు కళ్లు దించుకుంటే చెయ్యి పోయిన దుఃఖం అనుకుంది.

"కడుక్కునేదీ ఆ సెయ్యే కదా" అన్నాడు సుమంత్. "నీకు రోత పుట్టినాదనుకున్నాను. తరవాత నాకూ పుట్టినాది. నువ్వు సెంచా ఎట్టి ఎల్లినప్పుడల్లా అదే గేపకం వొత్తాది."

చిలకమ్మ వెళ్లి స్విచ్చు మళ్లీ వేసింది. ఆడుకోమని చెయ్యి ఊపి, గుమ్మంలో చతికిలబడింది.

పెట్టెతోపాటు రిమోట్లు రెండొచ్చాయి. ఒకటి ఏడాది తిరక్కుండానే సముద్రపు గాలికి తుప్పెక్కి పోయింది. మిగిలినదాన్ని ఇద్దరూ కలిసి పట్టుకునేవారు. కుడి సగం నీలిమది, వేగం పెంచడం, బ్రేకు వెయ్యడం. ఎడమ సగం సుమంత్‌ది, బండిని తిప్పడం. ఇన్నేళ్లు కళ్లెదుట జరిగినా చిలకమ్మ దాన్ని పట్టించుకోలేదు. సుమంత్ కుడి చెయ్యి అప్పట్లో చెల్లెలి భుజం మీద ఊరికే పడి ఉండేది. ఇప్పుడు అదే భుజం మీద మడిచి కుట్టిన చొక్కా చెయ్యి ఉంది.

యారాడ మలుపు వచ్చింది. సుమంత్ ఎడమ బొటనవేలు నొక్కింది, వదిలింది, మళ్లీ చిన్నగా నొక్కింది. గోడను తాకకుండా వెండిరంగు బండి సముద్రం మీదుగా తిరిగిపోయింది. ఇద్దరూ ఒక పక్కకి ఒరిగారు. ఆ చేతికి తడబాటు లేదు. అది పనికిరానిదని వాడికి నేర్పింది ఎవరో కాదు, తనే.

చివరికి నాలుగో స్థానం వచ్చింది.

"బ్రేకు లేటుగా ఏసినావే గుంటా" అని సుమంత్ చెల్లెల్ని దెప్పాడు.

"నీ తిప్పుడుకి అదే ఎక్కువ."

నాలుగు నెలల తర్వాత ఆ ఇంట్లో ఒకరినొకరు వెక్కిరించుకున్నారు.

చేపల పులుసు అయ్యేసరికి ఒంటిగంట దాటింది. చిలకమ్మ మూడు కంచాలు పెట్టింది. ఎప్పుడూ పిల్లలు తిన్నాక తినే మనిషి, ఆ రోజు కొడుకు ఎదురుగా కూర్చుంది. నీలిమ అన్నయ్య కంచంలోని చేపకు ముళ్లు తీసిపెట్టింది. సుమంత్ చెయ్యి ఒళ్లోనే ఉంది. చిలకమ్మ తన ఎడమ చెయ్యి కడుక్కుని అన్నంలో పెట్టింది. యాభై రెండేళ్లలో ఎన్నడూ చేయని పని. వేళ్లు మాట వినలేదు. కలిపిన ముద్ద నోటిదాకా రాకుండానే విడిపోయి, మెతుకులు చీర మీద పడ్డాయి. మళ్లీ కలిపింది. మళ్లీ రాలింది. కన్నీళ్లకు కంచం మసకబారింది.

సుమంత్ ఆమె చేతినే చూస్తున్నాడు.

"ఏళ్లు దగ్గరకి ఎట్టు. బొటనేలితో తొయ్యాల" అన్నాడు. అర్థం కాలేదంది. అతను చెయ్యి కంచంలో పెట్టి, మెల్లగా ముద్ద చేసి, ఇలాగ అని తిని చూపించాడు. అతనికీ రెండు మెతుకులు గడ్డం మీద పడ్డాయి. ఎవరూ తుడవలేదు.

కాసేపటికి కంచం ఖాళీ అయింది. ఇంకొంచెం ఎయ్యమ్మా అన్నాడు. చిలకమ్మ అలవాటు చొప్పున ఎడమ చెయ్యి గిన్నె మీదికి చాచి, అది ఎంగిలి చెయ్యని ఆగింది. కుడి చేత్తో గరిటె తీసుకుని వడ్డించింది.