మూడో క్యాబిన్‌లో చెప్పని మాట

బోధన్ పాత బస్టాండ్ వెనక సందులో దేవిదాస్ నెట్ సెంటర్ ఉండేది. ప్లైవుడ్‌తో కట్టిన నాలుగు క్యాబిన్లు, ఒక్కోదానికి పాత చీర తెర. శుక్రవారం వచ్చిందంటే అక్కడ ఆడవాళ్ల జాతరే. దుబాయి, షార్జాల్లో పనికిపోయిన మా మగవాళ్లకు ఆ రోజే సెలవు మరి. బీడీలు చుట్టే చేట పక్కన పెట్టి, తలకు నూనె రాసుకుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని పోయేవాళ్లం. మళ్లీ పెళ్లిచూపులా అని మా అత్త భూమవ్వ వెక్కిరించేది.

ఇంగ్లీషు అక్షరం మాలో ఒక్కరికీ రాదు. అందుకని కంప్యూటర్‌లో వాళ్లతో మాట్లాడటానికి దేవిదాసే అందరికీ ఐడీలు చేసిపెట్టాడు, మొగుడికొకటి, పెళ్లానికొకటి. పాస్‌వర్డ్ ఏం పెట్టాలని అడిగితే అందరం ఒకటే చెప్పాం: మొగుడి పాస్‌పోర్టు నంబరు. మాకు నోటికి వచ్చిన నంబరు అదొక్కటే. అతను అవన్నీ ఒక నోటుబుక్కులో రాసి, పోకుండా కౌంటరుకు దారంతో కట్టేశాడు. మరిచిపోయినవాళ్లు చూసుకోవచ్చు. ఎంత మంచి పిల్లగాడు అని మెచ్చుకున్నాం. ఇంటికి తాళం వేసి తాళంచెవిని తలుపుకే వేలాడదీశామని ఒక్కదానికీ తోచలేదు. అంత తెలివి మాది.

మా ఆయన లింగం షార్జాలో పన్నెండు మందితో ఒకే గదిలో ఉండేవాడు. వాళ్లు వింటారని గుసగుసగా మాట్లాడేవాడు. మూడేళ్లలో ఆయన అసలు గొంతే మరిచిపోయాను. నేనూ మూడో క్యాబిన్‌లో కూర్చుని గుసగుసగానే చెప్పేదాన్ని. అత్త సాధింపులు, వేరుపడదామన్న ఆశ, గర్భసంచి తీసెయ్యాలని డాక్టరు అన్న సంగతి. తెర వేసుంది కదా, మా ఇద్దరి మధ్యే ఉంటుందనుకున్నాను.

కార్తీకంలో కబురు వచ్చింది. నిద్రలోనే గుండె ఆగిందట. ఏవో కాగితాలు కావాలని శవాన్ని అక్కడే ఆపేశారు. వారం, రెండు వారాలు, నలభై రోజులు. శవం రాలేదు గనక నా గాజులు తియ్యలేదు. ముత్తైదువనూ కాదు, విధవనూ కాదు. అన్నం ముందు కూర్చుంటే తినాలో ఏడవాలో తెలిసేది కాదు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం కాళ్లు వాటంతటవే నెట్ సెంటర్‌కు నడిచాయి. చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు ఆడుతున్నారు. ఊరంతా చెరుకు మడ్డి వాసన.

"ఆయన పేరొక్కసారి చూస్త తమ్మీ," అన్నాను.

దేవిదాస్ నా ఐడీ తెరిచాడు. తెర వెయ్యబోయి ఆగిపోయాడు. ఆయన పేరు పక్కన పచ్చ లైటు వెలుగుతోంది.

"ఎవలో ఆయన ఐడీ తెరిసిండ్రక్కా..."

అంతలోనే రింగ్ వచ్చింది. హెడ్‌ఫోన్ లాక్కుని చెవులకు పెట్టుకున్నాను. బొమ్మ రావలసిన చోట నల్లగా ఉంది. ఎక్కడో నీటి చుక్కలు పడుతున్న చప్పుడు. ఎవరో ఊపిరి తీస్తున్నారు... మెల్లగా... చాలా దగ్గరగా.

"రాధా..."

అదే గుసగుస. హెడ్‌ఫోన్‌ను చెవులకు అదుముకున్నాను.

"పెట్టెల వచ్చేది నేను కాదు. అగ్గి పెట్టనియ్యకు."

"యాడున్నవ్?" అన్నాను. ఏడుపు ఆగలేదు. "బతికే ఉన్నవా? యాడున్నవ్ చెప్పు!"

"చీకటి. సలి..."

ఆ గుసగుస అన్నీ చెప్పింది. గర్భసంచి సంగతి, వేరు కాపురం సంగతి, అత్త నన్ను తిట్టిన తిట్టు. ఆయనే అని నమ్మేశాను. నమ్మకపోతే నేను బతకలేను. అయినా మనసులో ఎక్కడో ముల్లు గుచ్చుకుంది. మూడేళ్లుగా గుసగుసే విన్నాను. గుసగుస ఎవరిదైనా ఒక్కలాగే ఉంటుంది.

"పోయేనాడు నిజామాబాద్ బస్టాండుల నాతోని ఏమన్నవ్?" అని అడిగాను.

నీటి చుక్కలు...

"చెప్పు. గా ఒక్క మాట చెప్పు!"

ఊపిరి ఆగింది. తర్వాత చాలా నెమ్మదిగా...

"గా మాట ఈడ ఎన్నడు అనుకోలేదు గదా, రాధా."

హెడ్‌ఫోన్ విసిరికొట్టి బయటికి వచ్చి దేవిదాస్ కాలర్ పట్టుకున్నాను. "నా మొగుని ఐడీ ఎవలకిచ్చినవ్‌రా? మా మాటలు ఎవలు విన్నరు?"

"నా పిల్లల మీద ఒట్టక్కా, నేను ఇయ్యలే," అన్నాడు. ఆ మాట అంటూనే నోటుబుక్కు వైపు చూశాడు. నేనూ చూశాను. ప్రతి పేజీ మూలన నూనె మరకలు. ఊళ్లో ఎన్ని వేళ్లు ఆ పేజీలు తిప్పాయో. అర్థమైంది. ఎవడో ఆయన పేరుతో దూరి, మూడేళ్లుగా మా కాపురం విన్నాడు. ఇప్పుడు చచ్చినవాడితో ఆటలాడుతున్నాడు. సిగ్గుతో, కోపంతో కళ్లు కనిపించలేదు. మా పేజీ చించి, నమిలి మింగేశాను.

తర్వాతి గురువారం షార్జా నుంచి పెట్టె వచ్చింది. మూత మేకులు కొట్టి, తెరవొద్దని కాగితం అంటించి ఉంది. వాసనకు అందరూ దూరంగా, ముక్కులకు గుడ్డలు కట్టుకుని నిలబడ్డారు. నా మరిది పోశన్న మాత్రం గునపం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"వదినా, తెరువుమంటవా? ఒక్క మాట చెప్పు."

ఎవడో తుంటరి మాట పట్టుకుని ఆయన మొహాన్ని ఆ స్థితిలో పదిమందికీ చూపించాలా? నోరు విప్పలేదు. పోశన్న గునపం దించేశాడు.

ఎత్తబోయే ముందు పెట్టె మీద పడి, చెక్కకు నోరు ఆనించాను. మూడేళ్లు ఎవరికీ చెప్పని మాట, క్యాబిన్‌లో కూడా అనని మాట, అప్పుడు చెప్పాను. ఆనాడు బస్సు ఎక్కేముందు ఆయన నా చెయ్యి పట్టుకుని, 'నాకు పోబుద్ధి అయితలేదు రాధా. ఒక్క మాట అను, ఆగిపోత' అన్నాడు. నేను అనలేదు. బస్సు వైపు చూస్తూ నిలబడ్డాను.

"నాడు నిన్ను ఆపలే. తప్పయింది," అని ఆ చెక్కతో చెప్పాను. నా పక్కన ఎవరూ లేరు. ఆ పెట్టె ఒక్కటే విన్నది.

నాలుగింటికి ఫ్యాక్టరీ కూత వేస్తుంటే మంజీర ఏటి వైపు చితి పొగ లేచింది. ఆడవాళ్లం వాకిట్లో కూర్చుని చూశాం.

మర్నాడు దేవిదాస్ వచ్చాడు. లోపలికి రాలేదు. గడప అవతలే నిలబడ్డాడు.

"మీ ఐడీ తీసేద్దామని నిన్న మూడో క్యాబిన్ల కూసున్న అక్కా. ఫ్యాక్టరీ కూత అయితుండె. ఆయన పేరు మీదనే రింగొచ్చింది. హెడ్‌ఫోన్ పెట్టుకున్న... ముందుగాల ఏదో చిటపట మండుతున్న సప్పుడు. ఎనక ఒక్క మాట విన్న. నాకేం సమజ్ కాలే. నీకు చెప్పుమన్నడు."

"ఏమన్నడు?"

దేవిదాస్ నా మొహం చూడలేదు.

"'ఈసారన్న ఆపుతవ్ అనుకున్న రాధా' అన్నడు."