అంచు దాకా నింపిన గ్లాసు

కొత్త ఉద్యోగంలో చేరిన రోజు, తొమ్మిది దాటి ఐదు నిమిషాలకు, ఆమె చేసిన మొట్టమొదటి పని కంపెనీవాళ్ళ నీళ్ళు తాగెయ్యడం.

తప్పు ఆమెది కాదు, అలవాటుది. ఎనిమిదేళ్ళు పళ్ళరసాల కంపెనీలో మార్కెటింగ్ చేసిన మనిషి. అక్కడ బల్ల మీదో కిటికీ గట్టు మీదో గ్లాసు కనిపించిందంటే అది శాంపిల్. అటుగా పోయేవాళ్ళెవరైనా తాగాలి, పదికి ఇన్ని మార్కులని చీటీ రాయాలి. ఇప్పుడు చేరింది లిఫ్టులు తయారుచేసే కంపెనీలో. ఆఫీసు లిఫ్టు తలుపు తెరుచుకుంది. నేల మీద నట్టనడుమ, అంచు దాకా నింపిన గాజు గ్లాసు. నేల మీద పెట్టడం కాస్త వింతగా తోచినా, కొత్తవాళ్ళకి ఇదో పరీక్ష కాబోలనుకుంది. వంగి తీసుకుని గటగటా తాగేసింది.

మూలన ప్యానెల్ ఊడదీసి అందులో తల దూర్చిన మనిషి ఇవతలికి తిరిగాడు. టెస్టింగ్ ఇంజినీరు.

"ఏం చేశారండీ?"

"రుచి చూశాను. ఉత్త నీళ్ళు. పదికి రెండు."

"అది టెస్టు. పైకి వెళ్ళి కిందికి దిగేదాకా చుక్క ఒలకకూడదు."

"ఒలకలేదుగా," అని ఖాళీ గ్లాసు అతని చేతిలో పెట్టింది.

మధ్యాహ్నం భోజనాల వేళకి ఆమె పేరు కంపెనీ అంతటా జ్యూసమ్మ అయిపోయింది. ఆమె కూడా ఆ పేరుకే పలికి, అడిగినవాళ్ళకి తాగిన వైనమంతా తనే చెప్పి నవ్వించింది. నవ్వని మనిషి ఒక్కడే, సేల్స్ మేనేజరు. పళ్ళరసం అమ్మినావిడ లిఫ్టులేం అమ్ముతుందని ఆమెకి వినపడేట్టే అన్నాడు.

ఆ మాట ఇంట్లో నాన్న ముందే అడిగి ఉన్నాడు, కాస్త మెత్తగా. తెలియని చోటికి ఎందుకమ్మా అని. "నాకు లిఫ్టులు తెలియవు నాన్నా, మనుషులు తెలుసు. ఎక్కేది వాళ్ళేగా," అంది ఆమె. అనడం తేలికే. మూడు నెలలు గడువు. ఈలోగా కొత్తగా కడుతున్న ఆసుపత్రి లిఫ్టుల ఆర్డరు రావాలి. వస్తే ఉద్యోగం ఖాయం, రాకపోతే బల్ల ఖాళీ చెయ్యాలని కంపెనీ పెద్దాయన చేరిన రోజే తేల్చి చెప్పాడు.

తెలియనిది నేర్చుకోవడానికి ఆమె టెస్టింగ్ ఇంజినీరు వెంట పడింది. లిఫ్టు గుంతలోకి దిగింది, మేడ మీది మెషిన్ రూముకి ఎక్కింది, చేతికి గ్రీజు పూసుకుంది. అతను మొదట్లో ముక్తసరిగా చెప్పేవాడు. రెండో వారానికి అడగనివి కూడా చెప్పసాగాడు. గ్లాసు పరీక్ష అతని గురువుగారిదట. ఇప్పుడు రిటైరైన పాత మెకానిక్. మీటర్లు అంకెలు చెబుతాయి, నీళ్ళు నిజం చెబుతాయి అనేవాడట. కంపెనీ దాటి ఆ సంగతి ఎవరికీ తెలియదు.

లిఫ్టులో అద్దం ఉంటుంది. అద్దంలో చూపులు కలిస్తే ఇద్దరూ అంతస్తుల అంకెలు చూసేవాళ్ళు, అవేవో అప్పుడే కనిపెట్టినట్టు. ఒకసారి మెషిన్ రూములో ఉండగా వాన పట్టుకుంది. నలభై నిమిషాలు బయటికి రావడానికి లేదు. బ్రేకు ఎలా పనిచేస్తుందో అతను వివరంగా చెప్పాడు. కిందటి వారం చెప్పిందే. ఆమె కూడా కొత్తగా వింటున్నట్టే విన్నది. వాన ఆగిపోయాక కూడా ఇంకో పది నిమిషాలు బ్రేకు గురించే మాట్లాడుకున్నారు.

ఊళ్ళో పదకొండు భవనాల లిఫ్టులు ఎక్కి దిగి, ఆమె మనుషుల్నే గమనించింది. వేగం ఎవరికీ పట్టలేదు. ఆగే క్షణంలో మాత్రం చాలామంది చెయ్యి కడ్డీ మీదికి పోతోంది. జనానికి కావలసింది కుదుపు లేకపోవడం. కంపెనీ బ్రోచరు నిండా ఉన్నది మోటారు వేగం.

ఆ ఉత్సాహంలోనే పొరపాటు చేసింది. నిండు గ్లాసు బొమ్మతో పోస్టరు గీయించి, అతనికి చెప్పకుండానే మీటింగులో పెట్టేసింది. పెద్దాయన బాగుందన్నాడు. ఇంజినీరు ముఖం మాత్రం నల్లబడింది. బయటికి వచ్చాక, "మా గురువుగారు నలభై ఏళ్ళు బయటివాళ్ళెవరికీ చూపించలేదు. మీరు దాన్ని గోడకెక్కించారు," అన్నాడు.

సాకు చెప్పడం ఆమెకి చేతకాదు. "అడగకపోవడం నా తప్పే. మీరు సరే అనేదాకా గ్లాసు మాట నా నోట రాదు."

పోస్టరు వెనక్కి తీసుకుంది. మేనేజరు పాత బ్రోచరే అచ్చయింది. పది రోజులు అతను మాట్లాడలేదు. ఉద్యోగం పోతుందని ఆమెకి దిగులేసింది నిజమే కానీ, మెషిన్ రూముకి పిలిచేవాళ్ళు లేరన్న దిగులు అంతకన్నా ఎక్కువైంది. అది ఏ రకం దిగులో తెలియనంత చిన్నపిల్లేం కాదు.

ఆసుపత్రివాళ్ళు వచ్చే రోజు వచ్చింది. ఒక డాక్టరు, ఒక హెడ్ నర్సు. మేనేజరు ఏకరువు పెట్టిన వేగాలు విని డాక్టరు తల ఊపాడు. నర్సు ఊపలేదు.

"వెన్నెముకకి ఆపరేషనైన మనిషిని స్ట్రెచర్ మీద తెస్తాం. లిఫ్టు ఆగేటప్పుడు కుదుపుంటుందా, ఉండదా?"

మేనేజరు ఏదో అంకె చెప్పాడు. అంకెలు నాకెందుకండీ అంది నర్సు. పెద్దాయన జ్యూసమ్మ వైపు చూశాడు. జవాబు ఆమె నాలుక చివరే ఉంది. ఇచ్చిన మాట కూడా అక్కడే ఉంది.

"దానికి జవాబు చెప్పగలిగిన మనిషి ఇక్కడ ఒక్కరే ఉన్నారు. చెప్పాలో వద్దో ఆయన ఇష్టం," అని ఇంజినీరు వైపు తిరిగింది.

అతను ఆమెని ఒక క్షణం చూశాడు. తర్వాత సంచిలోంచి గ్లాసు తీశాడు, అంచు దాకా నింపాడు, లిఫ్టు నడుమ పెట్టాడు. అందరూ ఎక్కారు. రెండు, మూడు, నీళ్ళు కదల్లేదు. నాలుగో అంతస్తులో ఆగగానే ఒక్క చుక్క అంచు మీంచి జారింది.

"ఒలికింది. బ్రేకు వెంట్రుకవాసి ముందు పడుతోంది," అన్నాడు అతను.

ఒక్క చుక్క లెక్కలోకి రాదులెండి అని మేనేజరు నవ్వబోయాడు.

"వస్తుందండీ," అంది ఆమె. "పుల్లటి రసాన్ని తియ్యగా ఉందని అమ్మితే మనిషి ఒక్కసారే కొంటాడు. నాలుగు రోజులు ఆగి రండి మేడం. ఇదే గ్లాసు, ఈసారి మీరే నింపండి."

నాలుగు రోజులకి నర్సు వచ్చింది. స్ట్రెచరు కూడా తెచ్చింది. దాని మీద గ్లాసు పెట్టి, తనే నింపి, పైకి వెళ్ళి కిందికి దిగింది. చుక్క ఒలకలేదు. ఆ రోజు చుక్కని దాచి ఉంటే మళ్ళీ ఈ గుమ్మం ఎక్కేదాన్ని కాదని చెప్పి వెళ్ళింది. సాయంత్రానికి ఆర్డరు వచ్చింది. పెద్దాయన ఆమె ఉద్యోగం ఖాయం చేశాడు. మేనేజరు వచ్చి, పోస్టరు ఎప్పుడు అచ్చువేద్దామని అడిగాడు.

అందరూ వెళ్ళాక లిఫ్టులో మిగిలింది ఇద్దరే. అతను గ్లాసు ఆమెకి అందించాడు.

"ఆ రోజు అడక్కుండా తాగారు. ఇవాళ నేనే ఇస్తున్నాను."

"పోస్టరు సంగతి?"

"గురువుగారికి ఫోన్ చేశాను. మంచి పనిని దాచుకోవడమేమిటని చీవాట్లు పెట్టారు. ఇంకా ఏమైనా దాచుకున్నావేమో చూసుకోమన్నారు."

"చూసుకున్నారా?"

"చూసుకున్నానండీ. మీరంటే నాకు ఇష్టం. ఆ పది రోజులూ మీతో మాట్లాడకుండా ఎలా ఉన్నానో నాకే తెలుసు."

ఆమె సగం తాగి, సగం అతనికిచ్చింది. అతను తాగి, పదికి ఎన్ని అని అడిగాడు.

"మా పాత కంపెనీలో ముగ్గురు రుచి చూస్తే గానీ ఏదీ పాస్ కాదు. ఆదివారం మా ఇంటికి రండి."

ఆదివారం వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, వంచిన తల. ఆమె నాన్న ముప్పై ఏళ్ళు సిటీ బస్సు నడిపిన మనిషి, అతన్ని కింది నుంచి పైకి ఒకసారి చూశాడు. అమ్మ నిండు గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. వందల లిఫ్టుల్లో చుక్క ఒలకనివ్వని చెయ్యి ఆ గ్లాసు అందుకోగానే వణికింది. సగం నీళ్ళు చొక్కా మీదికి వచ్చాయి.

"నిండు కుండ తొణకదంటారు, ఇదేమిటండీ?" అని అమ్మ నాన్న వైపు తిరిగింది.

"బస్సు నడిపిన మొదటి రోజు నా చెయ్యీ ఇలాగే వణికింది. వెనకాల కూర్చున్నవాళ్ళ ప్రాణం విలువ తెలిసిన చెయ్యి వణుకుతుందే," అన్నాడు నాన్న. "నాది పదికి పది."

చొక్కా తడుపుకున్నందుకు ఒకటి తగ్గించి, అమ్మ తొమ్మిది వేసింది.

అతను తడి చొక్కాతోనే ఆమె వైపు చూశాడు. "మరి మీవి?"

"ఉత్త నీళ్ళకి రెండు ఆ రోజే వేశాను," అంది ఆమె. "మిగతా ఎనిమిదీ మీకు."