తల్లిని చూడని పిల్ల

పొయ్యి మీద రెండో రొట్టె కాలుతుండగా ప్రియదర్శిని బ్యాగు సర్దుకుని వంటింట్లోకి వచ్చింది. అది 2004 మార్చి. హైదరాబాద్ బస్సుకు ఇంకా గంట టైముంది. అక్కడి నుంచి రైలెక్కి శ్రీకాకుళం సముద్రపు ఒడ్డుకు చేరాలి. సముద్రపు తాబేళ్ల మీద ఆమె పరిశోధన మొదలుపెట్టి ఏడాదైంది.

ఆ చదువేమిటో బాన్సువాడలో ఎవరికీ అంతుబట్టలేదు. తండ్రి రాజేశ్వర్ “దాని ఇష్టం, పోనియ్యి” అని ఊరుకున్నాడు. తల్లి పోసవ్వకే మనసొప్పలేదు.

“ఈపారి పోవద్దు బిడ్డా,” అంది రొట్టె తిప్పుతూ. “ఆ తాబేలు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఎనకకు తిరిగి సూడకుండ పోతదంట. గసొంటి తల్లి ఎంబడి నువ్వు తిరుగుడేంది?”

“దానికి చేతనైనంత చేసే పోతదమ్మా.”

“ఏం జేసింది? కన్నది, పోయింది! తల్లి లేని బతుకు ఎట్లుంటదో నీకేం దెలుసు?”

ప్రియదర్శిని నిర్ఘాంతపోయింది. పోసవ్వ పుట్టిన రోజే ఆమె తల్లి కన్నుమూసింది. తల్లిని మింగిన పిల్ల అని ఊరు ఆడిపోసుకుంటుంటే పెరిగింది. తల్లి ఊసు ఆమె నోట వినడం కూతురికి ఇదే మొదటిసారి.

ప్రియదర్శిని తల్లి పక్కన చతికిలబడింది. “నేను చేసే పని చెప్త, వినమ్మా. తిండిల కర్బనం, నత్రజని ఉంటయి. అండ్ల కొన్ని పరమాణువులు బరువైనవి, కొన్ని తేలికవి. స్టేబుల్ ఐసోటోపులంటరు. ఎన్నేండ్లయినా అవి మారవు. ఒక్కో సముద్రంల వాటి పాళ్లు ఒక్కో తీరుగుంటయి. తల్లి ఎక్కడ మేసిందో ఆ గుర్తు దాని ఒంట్లకొస్తది. అక్కడికెల్లి గుడ్డులకు.”

“అయితే ఏంది?”

“తల్లి చర్మం, పిల్ల చర్మం చిటికెడంత తీసి పోల్చి చూస్తున్నం. ఆ లెక్క దొరికితే తల్లి కనవడకున్నా ఫికర్ లేదు. పిల్లను చూసి, తల్లి ఏ నీళ్లల్ల మేసి వచ్చిందో చెప్పొచ్చు. గుడ్డుల నుంచి అప్పుడే వచ్చిన పిల్ల ఇంకా ఏమీ ముట్టదు గదా. దాని ఒళ్లంత తల్లి తెచ్చి పెట్టిందే.”

పిండిలో పోసవ్వ చేయి ఆగిపోయింది. “తల్లిని సూడని పిల్ల ఒంట్లనా?”

“ఒంట్లనే.”

పోసవ్వ గుడిలో అడిగినంత మెల్లగా అడిగింది. “మనుషులకు గూడనా?”

“పుట్టిననాడు నీ ఒంట్ల ఉన్నదంత అమ్మమ్మ తిన్న తిండేనమ్మా. పుట్టువెంట్రుకలతో సహా.”

పోసవ్వ పొయ్యి ఆర్పింది. కొంగుతో చేతులు తుడుచుకుని బస్టాండుకు నడిచి బీర్కూర్ బస్సెక్కింది. హైదరాబాద్ బస్సు వదిలేసి కూతురూ ఆమె వెంటే ఎక్కింది.

బీర్కూర్‌లో పోసవ్వ తల్లికి అక్కయిన పెద్దమ్మ భాగ్యవతి అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతోంది.

“పెద్దమ్మా, నేను కడుపుల ఉన్నప్పుడు అమ్మ ఏం తినేది?”

ముసలామె చేట పక్కన పెట్టింది. నలభై ఆరేళ్లలో ఆ మాట అడిగినవాళ్లు లేరు.

“ఏం తిన్నా కక్కేది బిడ్డా. మల్ల తిననీకె కూసుండేది. జొన్నరొట్టె, ఉడకబెట్టిన అనుములు, మంజీర చేపల పులుసు... సయించకపోయినా ఏడ్సుకుంట తినేది. ‘నాకొద్దక్కా, గీ పిల్లకు గావాలె’ అనేది.”

పోసవ్వ తన రెండు చేతులూ కళ్ల ముందు పెట్టుకుని, ఎవరివో కొత్త చేతుల్లా చూసుకుంది. కన్నీళ్లు అరచేతుల్లోకి రాలాయి.

“అయితే... అమ్మ నాకు తినబెట్టింది, పెద్దమ్మా!”

ప్రియదర్శిని ఆమె భుజం పట్టుకుంది. పోసవ్వ కళ్లు తుడుచుకోలేదు.

“రేపటి బస్సుకు పో బిడ్డా. నేనే ఎక్కిస్త,” అని, పెద్దమ్మ ముందు మఠం వేసుకుని కూర్చుంది. “ఇంక ఏమేం తినేదో చెప్పు.”